దొరసాని గడ్డం ఆనించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సొంతిల్లు ఉన్నది ఒక్కరికే. పుంగనూరులో మేము అద్దెకు ఉండేవాళ్ళం. ఆ ఒక్కరు మాత్రం పెరటి వసారాలో, చెక్కపెట్టెకు ముందువైపు ఇనుప జాలీ కొట్టించిన తన ఇంట్లో దర్జాగా ఉండేది. అది ఒక కుందేలు. ఒళ్ళంతా తెలుపు, కళ్ళు మాత్రం ఎరుపు. ఆ రంగు చూసి మా నాయన దానికి దొరసాని అని పేరు పెట్టాడు. చేతికి దొరకని సాని కనుక ఆ పేరే సరైనదని నాకు తర్వాత అర్థమైంది.

నేను ఒక్కతే కూతురిని. నాకొక చెల్లెలు కావాలని రోజూ ఇంట్లో ప్రాణం తీస్తుంటే, ఒకనాడు సంతకు పోయిన మా నాయన బుట్టలో దాన్ని పెట్టుకొచ్చి, ఇదిగో నీ చెల్లెలు అన్నాడు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అది నా పావడా మడతల్లో నిద్రపోయేది. ఆరేడు నెలలకు ఒళ్ళు చేసింది, దానితోపాటు అధికారం కూడా వచ్చింది. గూటి తలుపు తీసి నేను చెయ్యి లోపల పెట్టానో లేదో, గుర్రుమనేది. వెనక కాలితో చెక్కమీద దబ్బున కొట్టేది. ముందు కాళ్ళతో నా చేతిని గుద్దేది, అప్పటికీ తీయకపోతే కరిచేది. అదే కుందేలు బయట పెరట్లో తిరిగేటప్పుడు బడికి పోయే పిల్లలా బుద్ధిగా ఉండేది. గడ్డి తెచ్చేది నేను, నీళ్ళు పోసేది నేను, కరిపించుకునేది కూడా నేనే. మా అమ్మ పసుపు డబ్బాలో సగం కూరలకు, సగం నా వేళ్ళకు అయిపోయేది.

అలా ఉండగా ఎండాకాలం సెలవులకు మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. వాళ్ళది కుప్పం దగ్గర శాంతిపురం వైపు పల్లె. పట్టుపురుగులు పెంచేవాళ్ళు. ఒక పంట పట్టుగూళ్ళు అమ్మేశారు, మల్బరీ తోటలో పురుగులకు వేసే కొత్త ఆకు ఇంకా రావాలి. ఆ మధ్యలో దొరికిన పదిహేను రోజులు అక్క ఇంట్లో గడుపుదామని వచ్చింది. ఆ పిల్ల నాకంటే ఏడాది చిన్నది. చెల్లెలు కావాలని నేను అన్నాళ్ళు అడిగాను కదా, నిజంగానే వచ్చింది. అడిగి ఎంత తప్పు చేశానో రెండు రోజుల్లో తెలిసిపోయింది.

మా అమ్మ పక్కన పడుకునే చోటు పోయింది. మొదటి జడ ఆ పిల్లకే. నా బక్కజడ చేతిలో పట్టుకొని, "దాని జుట్టు ఎంత ఒత్తుగా ఉండాదో సూడు మే" అని మా అమ్మ నాకే చెప్పేది. పైగా ఆ పిల్ల కాకరకాయ కూరను ఒక్క వంక పెట్టకుండా తినేది. ఒక మనిషి అంత మంచిగా ఉంటే పక్కవాళ్ళు ఎలా బతకాలి? నేను నోరు మూసుకొని కాకరకాయ నమిలాను. నమిలిందానికంటే మింగిందే చేదుగా ఉండేది.

అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది నాలుగో రోజు పొద్దున చూశాను. దొరసాని గూటి తలుపు తీసి ఉంది. ఆ పిల్ల దాని పక్కన నేల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. దొరసాని తనంతట తానే బయటికి వచ్చి, ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పావడా అంచు వాసన చూసి, ఆమె కాలికి ఆనుకొని పడుకుంది. నా కడుపులో ఎవరో మిరపకాయలు నూరినట్టయింది.

"ఏం పెట్టినావు దానికి?" అన్నాను.

"ఏం పెట్టలేదక్కా. ఊరికే కూసున్నా."

ఊరికే కూర్చుంటే వస్తుందని ఎవరు నమ్ముతారు? ఏదో కిటుకు ఉంది అనుకున్నాను. ఒకరోజంతా ఆలోచించి, నా తెలివికి తగినట్టే ఒకటి కనిపెట్టాను. గూట్లో ఆ పిల్ల వాసన పట్టేసింది. అది పోగొట్టి నా వాసన పెడితే దొరసాని మళ్ళీ నాదవుతుంది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పని మొదలుపెట్టాను. దొరసాని మీద గంప బోర్లించి, గూట్లో గడ్డి అంతా ఊడ్చి దిబ్బలో పోశాను. సీకాయ పొడితో మూలమూలలా రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టాను. అడుగున నా పాత పావడా పరిచి, దాని మీద మా అమ్మ ముఖానికి పూసుకునే పౌడరు ధారాళంగా చల్లాను. గూడు పెళ్ళివారి విడిదిలా గుమగుమలాడింది. దొరసానిని అందులోకి తోసి, ఇక ప్రేమగా నిమురుదామని చెయ్యి పెట్టాను.

అది నా బొటనవేలు పట్టుకొని వదల్లేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎక్కడ వేలిముద్ర అడిగినా యంత్రం నన్ను నేనని ఒక పట్టాన ఒప్పుకోదు.

నా అరుపుకు మా అమ్మ, చిన్నమ్మ, ఆ పిల్ల ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. రక్తం కారుతున్న వేలు చూపిస్తూ, నేను అనుకోకుండానే నా నోటివెంట అబద్ధం వచ్చింది. ఈ పిల్లే పుల్లతో దాని మూతి కెలికింది, అందుకే నన్ను కరిచింది అన్నాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"నేను లోపల సెయ్యి పెట్టనే లేదు పెద్దమ్మా," అంది.

మా అమ్మ అసలే విసిగిపోయి ఉంది. చిన్నమ్మ వైపు తిరిగి, "ఎవురు కెలికితే ఏం మా, కరిసేది కరస్తానే ఉండాది. మీరు పోయే పొద్దు దీన్ని ఎత్తుకోని పోండి. మీకు తోట ఉండాది, ఆకు ఉండాది" అంది.

ఏడుస్తున్న పిల్ల ముఖం ఒక్కసారిగా వెలిగింది. నాది ఆరిపోయింది. వాళ్ళ ప్రయాణం ఇంకో పది రోజుల్లో ఉంది. మా అమ్మ పక్క చోటు పోతే పోయింది, సెలవులయ్యాక తిరిగి వస్తుంది. దొరసాని పోతే తిరిగి రాదు. అది కూడా ఎవరి దగ్గరికి పోతోంది? నా అబద్ధం నేరుగా తీసుకుపోయి దాన్ని ఆ పిల్ల ఒళ్ళోనే పెట్టింది.

చిన్నమ్మ మాత్రం గూటి ముందు వంగి చూసింది. లోపల దొరసాని పౌడరుకు తుమ్ముతోంది. ఆమె పౌడరు అంటిన నా చేతులు చూసి లేచిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

నేను లోపలి గదిలో వడ్ల బస్తాల వెనక దూరి కూర్చున్నాను. మా అమ్మ పిలిచింది, తిట్టింది, చివరికి చెయ్యి చాపి నన్ను బయటికి లాగబోయింది. అప్పుడు నేను మా అమ్మ చేతిని కరిచాను. ఈ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆమె నివ్వెరపోయి, చెయ్యి దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

కాసేపటికి చిన్నమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. చేటలో వేరుశనగకాయలు పోసుకొని, గడప అవతల, నాకు వీపు పెట్టి కూర్చొని ఒలవడం మొదలుపెట్టింది. నన్ను పిలవలేదు. కాయలకే చెబుతున్నట్టు తన ఊరి సంగతులు చెప్పసాగింది. పురుగులుండే గదిలోకి పోవాలంటే ఇంటి యజమానైనా కాళ్ళూ చేతులూ కడుక్కోవాలట. తలకు వాసన నూనె పెట్టుకొని, పౌడరు పూసుకొని వస్తే అత్తగారినైనా గుమ్మంలోనే ఆపుతారట. పౌడరు మాట వినగానే నా చెవులు వేడెక్కాయి. పురుగుల కింద మిగిలిన చెత్త తీయాలన్నా వాళ్ళకొక పద్ధతి ఉందట.

"మేం పురుగును సేత్తో ఎత్తం పాపా. వాటి మీద కన్నాల వల పరిసి, దాని మీద కొత్త ఆకు ఏస్తాం. ఆకలైనప్పుడు అవే పైకెక్కొస్తాయి. అప్పుడు వల ఎత్తి, కింద సెత్త తీసేస్తాం."

"రాకపోతే?" అన్నాను బస్తాల వెనక నుంచి.

"రాకపోతే ఇంగొంచేపు కూసుంటాం. మాకేం రైలుకు పోయేదుండాదా?"

ఆ తర్వాత ఆమె దొరసాని మాట ఎత్తింది. "దానింట్లో దాని వాసనే దానికి పట్టా. నువ్వు ఆ పట్టానే కడిగేస్తివి. కడిగేసి సెయ్యి పెడితే, నా ఇల్లు లాక్కుంటాండారని అది కరవదా? దానికి పొగరు కాదు మా, బయం."

నేను జవాబు చెప్పడానికి నోరు తెరవబోతే నోటినిండా వేరుశనగ గింజలున్నాయి. ఎప్పుడు లేచానో, ఎప్పుడు గడప దగ్గరికి వచ్చానో, ఎప్పుడు చేటలో చెయ్యి పెట్టానో నాకే తెలియదు. చిన్నమ్మ తిరిగి చూడకుండానే చేటను నా వైపు కొంచెం జరిపింది. నా మీద వల పరిచిందని అప్పుడు తట్టలేదు. తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సాయంత్రం దిబ్బలోంచి పాత గడ్డి రెండు గుప్పెళ్ళు ఏరి తెచ్చి గూట్లో వేశాం. పావడా తీసేశాం. మరునాటి నుంచి చిన్నమ్మ చెప్పినట్టే చేశాను. చేతులు కడుక్కొని, తలుపు తీసి, మూరెడు దూరంలో ముల్లంగి ఆకు పెట్టి, ఊరికే కూర్చోవడం. ఊరికే కూర్చోవడం ఊరికే వచ్చే విద్య కాదు. మొదటిరోజు ముక్కు మాత్రం బయటికి వచ్చింది. నేను చీమలను లెక్కపెట్టాను. రెండోరోజు ఆకు అందుకొని లోపలికి పారిపోయింది. మూడోరోజు బయటే నిలబడి తిన్నది. అది పెరట్లోకి పోయాకే, మురికిగా ఉన్న మూల ఒక్కటి తీసి, మిగతా గడ్డి అలాగే ఉంచాను. ఆ పిల్ల దూరంగా కూర్చొని చూస్తుండేది. నేను ఆమెతో మాట్లాడలేదు.

ఐదోరోజు దొరసాని ఆకు వదిలేసి నా దగ్గరికి వచ్చింది. నా కాలి బొటనవేలికి గడ్డం ఆనించి, రెండుసార్లు రుద్దింది. దురదేమో అనుకున్నాను. బట్టలు ఆరేస్తున్న చిన్నమ్మ చూసి నవ్వింది. కుందేలు తన సొంతం అనుకున్న వాటికే అలా గడ్డం రుద్దుతుందట, అదే దాని గుర్తు అట.

"అది నాదీ నాదీ అని ఇన్నాళ్ళూ కొట్లాడితివి. ఇప్పుడు నువ్వే దానిదైపోతివి," అంది.

నేను ఆ గర్వంలో ఇంకా పూర్తిగా ఉబ్బకముందే, దొరసాని గెంతుకుంటూ పోయి ఆ పిల్ల పాదానికి కూడా గడ్డం రుద్దింది. కడుపులో మళ్ళీ మండింది. కాకపోతే ఈసారి సగం మిరపకాయంతే. ఆ పిల్ల ఆనందంతో నా వైపు చూసి, వెంటనే భయపడి తల దించుకుంది. తన కాలిని మెల్లగా పావడా కిందికి లాక్కుంది. నన్ను చూసి ఒకరు అలా ముడుచుకోవడం నాకు అదే మొదలు. సగం మిరపకాయ కూడా చప్పబడిపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మ ఆ పిల్లకు జడ వేస్తుంటే ఎదురుగా పోయి నిలబడ్డాను. కెలికింది తను కాదు, గూడు కడిగింది నేనే అని చెప్పాను. మా అమ్మ అల్లుతున్న చేతులు ఆపలేదు.

"తెలుసు లేమ్మా. పౌడరు డబ్బా సూసినాను. నువ్వు సెప్పేదాకా కూసోమనింది మీ చిన్నమ్మ," అంది. పక్కకు జరిగి, నేను కరిచిన చేతితోనే నాకు చోటు చూపించింది. దొరసానిని పంపే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ పిల్ల కూడా అడగలేదు. బస్సు కిటికీలోంచి మాత్రం, "రోజూ తలుపు తీస్తావా అక్కా?" అని అడిగింది. తీస్తానన్నాను. తీశాను కూడా.

ఇప్పుడు నేను మదనపల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవరాలికి ఏడేళ్ళు. దాని అమ్మమ్మ కలికిరి నుంచి నెలనెలా వస్తుంది, ఆమె వచ్చిందంటే ఈ అవ్వ ఎవరో దానికి గుర్తుండదు. ఆ పూటంతా నేను టీవీకి కాపలా. ఈ వయసులో కూడా మిరపకాయ పూర్తిగా చావలేదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మొన్న ఇంట్లో అందరూ కొత్తగా పుట్టిన తమ్ముడి చుట్టే చేరారని అలిగి, మనవరాలు గదిలోకి పోయి తలుపేసుకుంది. కొడుకు తలుపు కొట్టాడు, కోడలు బుజ్జగించింది. నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను. వేసిన చేతికున్న మచ్చ కనిపించింది. చెయ్యి తీసేసి, స్టీలు పళ్ళెంలో వేరుశనగకాయలు పోసుకొని, మోకాళ్ళను బతిమాలుకుంటూ తలుపు ఇవతల నేల మీద కూర్చున్నాను.

"లోపలికి పోయి పిలవచ్చు గదా వదినా," అంది, ఆ నెల వచ్చి ఉన్న కలికిరి ఆమె.

"నాకేం రైలుకు పోయేదుండాదా," అన్నాను. ఆమె తానూ నా పక్కన కూర్చోబోయింది. నేను కొంచెం జరిగాను. కొంచెమే.

కాయలు సగం అయ్యాక తలుపు కిర్రుమంది. మేమిద్దరం తిరిగి చూడలేదు. చిన్న పాదాలు వచ్చి మా వెనక ఆగాయి. నా భుజం మీద ఒక గడ్డం ఆనింది. కాసేపుండి, అది లేచి పోయి కలికిరి వదిన భుజం మీద ఆనింది.

నేను పళ్ళెం వాళ్ళ వైపు జరిపి, కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.