మూత వెల్డు చేసిన యుద్ధ ట్యాంకు

కువైట్ యుద్ధం ముగిసిన రెండు మూడేళ్ళకు, దోహాలో మేము సనాయా అని పిలిచే ఫ్యాక్టరీల పేటలో, బుల్‌డోజర్లూ క్రేన్లూ బాగుచేసే ఒక షెడ్డుకు నేను ఫోర్‌మన్‌గా ఉండేవాణ్ణి. ఒక ఉదయం ట్రైలర్ మీద యుద్ధ ట్యాంకు వచ్చింది. ఇరాక్ సైన్యం వదిలేసి పారిపోయినదట. ఒక పెద్దమనిషి దాన్ని తుక్కు వ్యాపారి దగ్గర కొని, తోట గేటు ముందు నిలబెట్టుకోవాలని ముచ్చటపడ్డాడు. తుప్పు గీకి, రంగు కొట్టి, ఎక్కడానికి ఇనుప మెట్లు అతికించాలి. అంతే పని.

దాన్ని చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. రష్యా తయారీ. డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో సరిగ్గా అలాంటి దాని కడుపులోనే కూర్చుని నేను ఫిరంగికి గుండ్లు అందించాను. ఆ సంగతి దోహాలో ఎవరికీ తెలియదు. “సైన్యం మాట అక్కడ ఎత్తకు, లేనిపోని అనుమానాలు వస్తాయి” అని వీసా ఇప్పించిన ఏజెంటు మరీ మరీ చెప్పాడు. నేను ఎత్తలేదు.

పై మూత తెరిచే ఉంది. లోపల సీట్లూ అద్దాలూ ఎప్పుడో పీక్కుపోయారు. కానీ ముందు వైపు, డ్రైవర్ దిగే చిన్న మూతను ఎవరో వెల్డు చేశారు. నీటుగా కాదు, తరుముకొస్తున్నట్టు హడావిడిగా. పైనుంచి దిగి చూస్తే డ్రైవర్ కూర్చునే చోటంతా ఇసుకతో కప్పేసి ఉంది. తెచ్చిన ట్రైలర్ మనిషి టీ తాగమన్నా ఆగకుండా వెళ్ళిపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

మా వెల్డరు కడప జిల్లావాడు. గ్యాస్ పైపులు లాక్కుని వచ్చి నిలబడ్డాడు.

“ఏంది సార్, పొద్దన్నుంచి దాని సుట్టూతానే తిరగతాండావు? మెట్లు యాడ అతికీమంటావో సెప్పు.”

“ముందు భాగం జోలికి పోకు. మంట వెలిగించకు.”

“ఉత్త డొల్లే గదా!”

“ఉత్త డొల్లకి మూత ఎందుకు వెల్డు చేస్తారయ్యా?”

వాడు నన్ను ఎగాదిగా చూసి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజర్ లెబనాన్ మనిషి, మాతో వచ్చీరాని హిందీలో మాట్లాడేవాడు. “మాఫీ ముష్కిల్, ఏం ఫర్లేదు! ఖాళీ అని తుక్కువాడు చెప్పాడు. యల్లా, పని కానివ్వండి.”

“వాడు చెప్పాడు సరే, ఎవరు చూశారు?”

“నీకెందుకంత భయం?”

ఎందుకో చెప్పాలంటే డెబ్బై ఒకటి నాటి సంగతి చెప్పాలి. పోరు ముగిసిన మర్నాడు, గోధుమ చేలో శత్రువుల ట్యాంకు ఒకటి కాలి చల్లారి పడుంది. మా దళంలో హాస్యగాడొకడు గుర్తుగా ఏదైనా తెచ్చుకుంటానని దాని మీదికి ఎక్కాడు. లోపల మిగిలిన గుండు పేలింది. వాడి బూటు మాత్రం మాకు దొరికింది.

వెల్డరు టార్చ్ చేతిలో పట్టుకునే ఉన్నాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు.

“నేను భారత సైన్యంలో ఇలాంటి ట్యాంకు మీద పనిచేశాను. డ్రైవర్ కుడి పక్క డీజిల్ పెట్టెలోనే గుండ్లు దూర్చే అరలుంటాయి. ఇసుక కింద ఏముందో నాకూ తెలియదు. ఉంటే మాత్రం ఈ షెడ్డు మిగలదు.”

మేనేజర్ ముఖంలో భయం కంటే ముందు మరేదో కనిపించింది. అప్పటిదాకా చూసిన మనిషిని కానట్టు నన్ను చూశాడు. తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు.

మమ్మల్ని రోడ్డు అవతలికి పంపేసి, పోలీసులు పిలిపించిన సైనికులు ఇసుక తోడారు. మధ్యాహ్నానికి గుండ్లు బయటికి వచ్చాయి. నిండు బిందె తొణక్కుండా మోసినట్టు వాటిని మోసుకుపోయారు. మేనేజర్ నా భుజం తట్టాడు గానీ కళ్ళలోకి చూడలేదు.

సాయంత్రం నన్ను స్టేషన్‌కు పిలిచారు. ఆఫీసరు పక్కన దుబాసీగా నెరిసిన మీసాల పాకిస్తానీ కూర్చున్నాడు. ఉర్దూలో అడిగాడు.

“గుండ్లున్నాయని నీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మూత చూసి అనుమానించాను.”

“యుద్ధంలో ఏ సెక్టార్?”

చెప్పాను. అతను చేతిలోని కలం కింద పెట్టాడు.

“నేనూ అక్కడే ఉన్నాను,” అన్నాడు మెల్లగా. “అవతలి వైపు.”

ఆ తర్వాత ఆఫీసరు వైపు తిరిగి అరబ్బీలో అందుకున్నాడు. నేను చెప్పింది రెండు ముక్కలు. అతను చాలాసేపు చెప్పాడు. అందులో నాకు తెలిసినవి రెండే మాటలు: హిందీ అంటే ఇండియావాడు, దబ్బాబా అంటే ట్యాంకు. మిగతాదంతా ఏమిటి? ఆఫీసరు నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు.

గుమ్మం దగ్గర ఉండబట్టలేక అడిగాను. “ఏం చెప్పారు భాయ్‌సాబ్?”

“చెప్పాల్సింది చెప్పాను. ఇంటికి వెళ్ళు.”

ఆ వారమంతా షెడ్డు ఎదురుగా ఒక తెల్ల కారు ఆగి ఉండేది. దానిలోని మనిషి ఎవరికోసం ఎదురుచూస్తున్నాడో తెలియదు. శుక్రవారాలు మా తెలుగువాళ్ళ భోజనాల దగ్గరికి నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయేవి. చివరికి ఆ వెల్డరు కూడా నన్ను పక్కకు పిలిచాడు.

“నీ వల్లే బతికినా సార్, కాదన్ను. అయితే పోలీసోళ్ళు మళ్ళా అడిగితే నా పేరు యాడా సెప్పబాకు.”

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సరేనన్నాను.

తర్వాత కంపెనీ నన్ను దూరాన ఉత్తర తీరంలోని అల్ రువైస్‌లో చేపల పడవల ఇంజన్లు బాగుచేసే చోటికి మార్చింది. కారణం నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. అక్కడ కొన్నేళ్ళు పనిచేసి ఇంటికి వచ్చేశాను. ఆ పాకిస్తానీ నన్ను కాపాడాడో, ఇరికించబోతే ఆఫీసరు నమ్మలేదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్కోసారి మంచివాడే అనిపిస్తుంది. మరుక్షణమే, అంతసేపు ఏం చెప్పి ఉంటాడా అనిపిస్తుంది.