ఉద్దానానికి వెళ్ళిన నక్షత్ర పండ్లు

విశాఖలో పలాస ప్యాసింజరు ఎక్కేటప్పటికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఒక సంచిలో తడిగుడ్డ చుట్టిన తమలపాకు తీగలు, ఇంకో సంచి నిండా స్టార్ ఫ్రూట్లు. అడ్డంగా కోస్తే చుక్క ఆకారం వస్తుంది కాబట్టి నక్షత్ర పండు అనే పేరు కూడా ఉంది. మా మిద్దె మీద డ్రమ్ములో పెట్టిన చెట్టు ఈ ఏడు విరగకాసింది. నేను సీతమ్మధారలో బట్టలు కుడతాను. మిషను మీద నుంచి లేస్తే ఆ మొక్కల దగ్గరే ఉంటాను.

విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా ఇళ్ళలో కూరగాయలు పెంచుకునేవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపుగా ఉన్నాం. నెలకోసారి ఒకరింట్లో కలిసి, ఎవరికి పండినవి వాళ్ళు తెచ్చి పంచుకుంటారు. ఈసారి కాశీబుగ్గలో అన్నారు. నేను వెళ్ళడం అదే మొదలు.

ఈ బండిలో వెళ్ళదలచినవారు మొక్కల సంచులు సీటు కింద పెట్టుకోవడం మంచిది. ఆముదాలవలస దాకా తలుపు దగ్గర నిలబడటానికే చోటుండదు. అక్కడ కొంత ఖాళీ అయ్యాక ఇడ్లీ పొట్లం విప్పుకున్నాను. ఎదుటి సీట్లో ఖాళీ తట్టలతో ఒకావిడ కూర్చుంది. నౌపడలో దిగి చేపలకి భావనపాడు వెళ్తుందట.

"ఏటమ్మా ఆ పళ్ళు? తినొచ్చా?" అంది.

ఒకటి ఇచ్చాను. కొరికి, కన్ను మూసి నవ్వింది. "పుల్లగున్నాది. ఉప్పూ కారం ఉంటే ఇంకా బాగున్ను." నౌపడ ఉప్పుమళ్ళు కిటికీలోంచి తెల్లగా కనిపిస్తుండగా దిగి వెళ్ళిపోయింది.

పలాసలో దిగి కాశీబుగ్గకి షేర్ ఆటో ఎక్కాను. పది గంటలకి పంపకం మొదలైంది. జీడిపప్పు పని చేసే వీధిలో ఒక డాబా ఇంటి వాకిట్లో చాపలు పరిచారు. ఆనపకాయలు, బచ్చలి కట్టలు, మునగ కొమ్మలు, కంద పిలకలు, చిక్కుడు విత్తులు. తీసుకునేవాళ్ళు ఎలా పెంచాలో అడగాలి, తెచ్చినవాళ్ళు చెప్పాలి. అక్కడున్న నిబంధన అదొక్కటే.

నా పళ్ళ దగ్గర అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్నది దమయంతి. వజ్రపుకొత్తూరు వైపు, ఉద్దానంలో ఒక పల్లెలో ఉంటుంది. పెరట్లో ఏది కాసినా వీధంతా పంచుతుందని పక్కావిడ చెప్పింది.

"సుక్కలాగున్నాదక్కా! ఎలా తింతారు?"

"కోసుకుని తినడమే. ఒంటికి చలవ. మీ వీధిలో అందరికీ ఇవ్వండి, గింజలు మాత్రం దాచమనండి" అన్నాను.

సంచిలో మిగిలినవన్నీ ఆమెకే ఇచ్చేశాను. తోటి ఆడవాళ్ళతో ఆటో దొరికిందని ఆమె తొందరగా వెళ్ళిపోయింది. నాకెంతో తృప్తిగా అనిపించింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి టెక్కలి నుంచి బస్సులో సుజాత వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో డయాలసిస్ విభాగంలో నర్సు. చాప మీద నమూనాకని కోసి పెట్టిన ముక్కలు చూసి, చేతి సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"ఇవి ఎవులు తెచ్చినారు? ఉద్దానం ఎవులైనా ఒట్టుకెల్లినారా?"

నేను గర్వంగానే దమయంతి పేరు చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"అక్కా, కిడ్నీలు బాగున్నోళ్ళకి ఈ పండుతో భయం లేదు. పాడైనోళ్ళకి ఇసం. ముందు ఎక్కిళ్ళొత్తాయి. తరవాత మతి తప్పుతాది, ఫిట్సొత్తాయి. పేనాలే పోవచ్చు."

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో నాకు తెలియక కాదు. ఆ జబ్బుకీ నా మిద్దె మీది పండుకీ సంబంధం ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. దమయంతికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశాను, అదే. రైల్లో పండు తిన్న చేపలావిడ గుర్తొచ్చింది. ఆమె పేరు కూడా అడగలేదు.

పండు తీసుకున్న మిగతావాళ్ళకి ఫోన్లు చేయమని అక్కడివాళ్ళకి చెప్పి, సుజాత అన్నం ముట్టకుండానే ఒక ఆటో మాట్లాడింది. ఎక్కిన కాసేపటికే రైలు గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ తరగలేదు. నేను దాని పెట్టెల వైపు చూస్తూ ఫోన్ చేస్తూనే ఉన్నాను.

"పెట్టెలు సూత్తే మతి పోతాది, ఇటు సూడమ్మా," అన్నాడు ఆటో మావ. "గేటు తియ్యగానే ఎలిపోదుము."

జీడితోటలు వచ్చాయి, తర్వాత కొబ్బరి తోటలు. గాలిలో సముద్రం వాసన. ఇంకో రోజైతే ఆ దారి గురించి ఒక పేజీ రాసేదాన్ని. ఆ రోజు నా కళ్ళు ఆటో ముందు చక్రం మీదే ఉన్నాయి.

దమయంతి పెరట్లో కంద పాతుతోంది. ఫోన్ లోపల చార్జింగులో ఉంది. మమ్మల్ని చూసి సంబరంగా లేచింది. సుజాత విషయం చెప్పగానే మట్టిచేతులతోనే నెత్తి పట్టుకుంది.

"ఇంటికోటి ఇచ్చీసినానమ్మా! వీధంతా!"

వీధిలోకి పరుగెత్తాం. ఒక ఇంట్లో పండు దేవుడి దగ్గర పెట్టారు. ఒక ఇంట్లో పులుసులో వేశారు, కానీ ఇంకా ఎవరూ తినలేదు. ఇంకో ముసలమ్మ కొంగులో దాచుకుంది. "ఇచ్చినదాన్ని మళ్ళీ అడుగుతారేటే?" అంటూనే ఇచ్చింది. కొన్ని ఇళ్ళలో తినేశారు గానీ వాళ్ళకి జబ్బు లేదని సుజాత ఒక్కొక్కరినీ అడిగి రూఢి చేసుకుంది.

వీధి చివర ఇల్లు కామయ్యది. కొబ్బరి రైతు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మేం వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఎక్కిళ్ళు పెడుతున్నాడు. పక్కన ప్లేటులో పండు గింజలు.

"నీళ్ళు కొలత మీద తాగాల గదమ్మా," అంది ఆయన భార్య పార్వతి. "దాహం దాహం అంతన్నాడు. పండైతే పరవానేదని నానే కోసి పెట్టినాను. ఏటైనాదీ?"

సుజాత వెంటనే ఫోన్ తీసి పలాస ఆసుపత్రివాళ్ళతో మాట్లాడింది. మెషీను సిద్ధం చేయమంది. అదే ఆటోలో కామయ్యని మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. దారిలో ఆయన్ని మాట్లాడిస్తూనే ఉండమంది. తోటలో ఎన్ని రకాల కొబ్బరి ఉందని అడిగాను. ఆయన ఎక్కిళ్ళ మధ్య చెప్పాడు. కాసేపటికి ఒకే పేరు రెండుసార్లు చెప్పాడు. పార్వతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పండు నాదని అప్పటికి ఆమెకి తెలియదు.

ఆసుపత్రి వరండాలో చెప్పాను. చెప్పకుండా ఆమె పక్కన కూర్చోలేకపోయాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "తెలిసి పెట్టినావేటి? నానూ తెలవకే పెట్టినాను," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

పొద్దు వాలేవేళకి సుజాత బయటికి వచ్చింది. ఎక్కిళ్ళు తగ్గాయని, తొందరగా తేవడం మేలైందని, ఈ రాత్రికి మాత్రం ఇక్కడే ఉంచుతారని చెప్పింది. కాశీబుగ్గ బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. కామయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "నువ్వేనా ఆ పళ్ళమ్మవి? పండు మాత్రం బాగున్నాదమ్మా!" అన్నాడు. పార్వతి ఆయన్ని కసురుకుంది. ఆ కసురు విని నా గుండె కాస్త కుదుటపడింది.

తిరుగు బండి ఎక్కించడానికి దమయంతి స్టేషనుకి వచ్చింది. నా సంచిలో కంద పిలకలు పెట్టింది. "వచ్చే నెల మళ్ళీ రా అక్కా. ఏది తెచ్చినా ముందు ఫోన్లో సెప్పు, సుజాతమ్మని అడిగి పంచుదుము," అంది. ఆ వీధిలో ఇక మీద ఎవరి మొక్కా ఎవరింటికీ వెళ్ళదేమోనని రాత్రంతా భయపడ్డాను. అలా జరగలేదు.

నౌపడలో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం అంతా వెతికాను. తట్టలవాళ్ళు చాలామంది ఎక్కారు గానీ ఆవిడ కనిపించలేదు. బాగానే ఉండి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నా పక్కన కూర్చున్న అమ్మాయి కంద చూసి ఒక పిలక ఇవ్వమంది. ఇవ్వబోయి ఆగాను.

"మీ ఇంట్లో ఎవరెవరు తింటారమ్మా? వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంటుంది?" అని అడిగాను.

ఆ అమ్మాయి వింతగా చూసింది. తర్వాత వాళ్ళ నాన్న గురించి, అమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టింది. పిలక చేతిలో పట్టుకుని, ఆమె మాట పూర్తయ్యేవరకు విన్నాను.