మా చంటికి పెట్టిన చెక్కముక్కల పరీక్ష

మా చిన్నప్పుడు... రాజోలులో బస్సెక్కి అమ్మా, నేనూ మా తమ్ముడు చంటిని కాకినాడలో ఒక డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాం.

వాడికి ఆరేళ్ళొచ్చినా మాట రాలేదు. బుద్ధి పరీక్ష చేయించి కాగితం తెస్తేనే ఒకటో తరగతిలో చేర్చుకుంటామన్నారు బడివాళ్ళు. నాన్న మస్కట్‌లో ఉండేవారు. అందుకే అమ్మకు తోడు నేను.

డాక్టరమ్మగారు బల్ల మీద ఓ చెక్క పలక పెట్టారు. గుండ్రం, నలుచదరం, నక్షత్రం... రకరకాల గుంటలు. ఏ ముక్క ఏ గుంటలో పడుతుందో చూసి పెట్టాలి. ఆవిడ చేతిలో గడియారం. మావాడు నక్షత్రం ముక్క తీసి చక్కగా నోట్లో పెట్టుకున్నాడు! కొన్నాళ్ళు పోయాక మళ్ళీ తీసుకురమ్మన్నారు.

మా అమ్మ ఊరుకునే మనిషా... కొలతలన్నీ కళ్ళతోనే తెచ్చేసుకుంది. ఊళ్ళో వడ్రంగి చేత పనస చెక్కతో అచ్చం అలాంటిదే చేయించింది. పరీక్ష అంటే చదివించి పంపాలనే కదా అమ్మకు తెలిసింది, పాపం! పొయ్యి మీద అన్నం పడేసి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేది. ముక్క సరిగ్గా పడినప్పుడల్లా ఇద్దరం చప్పట్లు కొట్టేవాళ్ళం. వాడు కిలకిలా నవ్వేవాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు చంటి ముక్కలన్నీ గబగబా పెట్టేశాడు. డాక్టరమ్మగారు ఆశ్చర్యపోయి, ఎలా వచ్చిందని అడిగారు.

"రోజూ నేనే నేర్పేనండి. ఇంక మావోణ్ణి బళ్ళో వేసుకుంటారాండీ?" అంది అమ్మ.

"నేర్పించి తీసుకొస్తే ఈ పరీక్ష లెక్కలోకి రాదమ్మా" అన్నారావిడ, మెల్లిగానే.

అమ్మ మొహం పాలిపోయింది. చంటి మాత్రం మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు... ఎవరూ చప్పట్లు కొట్టడం లేదేమా అని.

మొదటిసారి చూసిందే లెక్కలోకి తీసుకుని, కాగితం మీద బడికి పనికిరాడనే రాసిచ్చారు. వాడి చదువు తనే చేతులారా పాడుచేశానని అమ్మ పోయేదాకా కుమిలిపోయింది.

అమ్మ పోయిన మరుసటి ఏడు, టీచర్ల శిక్షణలో నాకో సంగతి తెలిసింది. అలాంటి పలకను ఎప్పుడో మొదట చేసింది ఫ్రాన్సు దేశపు వైద్యుడట. పరీక్ష పెట్టడానికి కాదు... ఇలాంటి పిల్లలకు దగ్గర కూర్చుని నేర్పడానికి! గడియారం పట్టుకుని పరీక్షగా మార్చింది తర్వాతి వాళ్ళట. అంటే మా అమ్మ చేసిందే ఆయనా చేశాడు. ఆ సాయంత్రం బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఒక్క మాట వినడానికి అమ్మ లేదు.

ఇప్పుడు అలాంటి పిల్లల్ని బళ్ళో చేర్పించమని టీచర్లమే ఇంటింటికీ తిరిగి అడుగుతున్నాం. మా చంటికి నలభై దగ్గర పడుతోంది...

మీ ఊళ్ళోనూ బడి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన చంటులు ఉండే ఉంటారు. ఒక్కసారి వాళ్ళ గురించి చెప్పరూ...