పైన నూట ఎనభై, కింద నూట నలభై

మా నాన్నను క్రేను మీంచి దించేయబోయింది జబ్బూ కాదు, ప్లాంటూ కాదు. నేను. బీయస్సీ చదువుతున్న కూతురు ఒక ఇంటికి ఎంత ముప్పు తేగలదో అంతా తెచ్చాను. నాన్న ఈ మధ్యే పోయారు. వచ్చినవాళ్లంతా ఆయన మంచితనం గురించే నెమ్మదిగా మాట్లాడి వెళ్తున్నారు. నవ్వొచ్చే సంగతి ఒక్కరూ చెప్పడం లేదు. ఆ పని నేను చేస్తాను.

ఎనభైల మొదట్లో మేం భిలాయిలో, రుఆబాంధా క్వార్టర్లలో, రెండో అంతస్తులో ఉండేవాళ్లం. నాన్న ఉక్కు ప్లాంటులో క్రేను ఆపరేటరు. ఏటా చేసే వైద్యపరీక్షలో బీపీ కాస్త ఎక్కువుందన్నారు. కొన్నాళ్లు ఇంట్లో చూసి చెప్పమనీ, తగ్గకపోతే ఎత్తు మీద పని మాన్పించాల్సి వస్తుందనీ డాక్టరు, తోడు వెళ్లిన నాతో హిందీలో అన్నాడు. మేం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేశాడు: “ఊపర్ కా భీ, నీచే కా భీ! దోనో చాహియే!”

పైదీ కిందదీ, రెండూ కావాలట. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? పైన మేం ఉంటాం. కింద నేల మీది క్వార్టర్లో పైడమ్మ పిన్ని ఉంటుంది.

“కిందకి దించేస్తే నానేటి సెయ్యాలే? క్రేను నడిపే కుర్రోడికి కింద నిలబడి సెయ్యూపాలా?” అన్నారు నాన్న. నవ్వుతూనే అన్నారు గాని, ఆ పూట అన్నం సగంలో లేచిపోయారు.

దుర్గ్ బజారులో బీపీ మిషను కొన్నాం. దుకాణదారు నా చేతికే పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతూ, స్టెతస్కోపులో మొదటి ‘టక్’ వినిపించినప్పుడు ముల్లు ఎక్కడుందో అదే అంకె అని చూపించాడు. ఇంకా ఏదో చెప్పబోతుండగా వేరే బేరం వచ్చింది. నాకా ఒక్క టక్కే చాలనిపించింది.

మర్నాటి నుంచి డ్యూటీ దిగి వచ్చిన నాన్నను మెట్ల దగ్గరే పట్టుకునేదాన్ని. పిన్ని ఇంట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ‘కింద’ బీపీ చూసేదాన్ని. ఆ బీపీ చల్లారిపోకముందే గబగబా మెట్లెక్కించి, కుర్చీలో కూలబడి వగరుస్తున్న మనిషికి పట్టీ చుట్టి, ‘పైన’ బీపీ చూసేదాన్ని.

“ఏటే, మీ నాన్నని పైకి పంపించేసీదాకా ఊరుకోవేటి?” అంది పిన్ని.

“డాక్టరు చెప్పారు పిన్నీ.”

“మెట్లెక్కించమన్నాడేటి?”

“పైనా కిందా చూడమన్నారు. ఎక్కకపోతే పైన ఎలా చూస్తాం?”

పిన్ని తలూపి, “అదీ నిజివేలే” అంది. చదువుకున్న తెలివితక్కువకి సాక్షి కూడా దొరికితే ఇక ఆపేదెవరు?

కింద నూట నలభై. పైన నూట ఎనభై. కాస్త అటూ ఇటూగా రోజూ అంతే. నేను ఊరుకోలేదు, పుస్తకాలు తిరగేశాను. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి నొక్కడం తగ్గితే లోపలి రక్తం పాలలా పొంగదా మరి! రెండంతస్తులకే ఇంత పొంగితే, క్రేను ఎక్కాక? నిజం చెబితే నాన్న క్రేను పోతుంది. చెప్పకపోతే అంత ఎత్తున, ఎర్రగా కాలే ఇనుము మీద, నాన్న... ఆ వాక్యం నేనెప్పుడూ పూర్తి చేయలేదు.

“పిన్నీ, ఇళ్లు మార్చుకుందామా?”

“అయితే ఆ బీపీ నాకెక్కీదేటి?”

చివరికి నాన్నే ముఖ్యం, క్రేను కాదనుకుని డాక్టరు ముందు నిలబడ్డాను.

“ఊపర్ కిత్‌నా?”

“ఏక్ సౌ అస్సీ.”

“నీచే?”

“ఏక్ సౌ చాలీస్.”

ఎప్పట్నుంచి అంటూ డాక్టరు కుర్చీలోంచి లేచాడు. “నీచే ఏక్ సౌ చాలీస్? కబ్ సే?”

“రోజ్,” అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు. “హమ్ తో సైకిల్ చలాకే ఆయా సాబ్!” అని, సైకిలు తొక్కుకుంటూ వచ్చిన నాన్న మొత్తుకుంటున్నా వినకుండా మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు తనే బీపీ చూశాడు. ముఖం చిట్లించి, రెండో చేతికి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“నీచే తో అఠాసీ హై. తుమ్హారా ఏక్ సౌ చాలీస్ కహాఁ సే ఆయా?”

కింద ఎనభై ఎనిమిదే ఉంటే నా నూట నలభై ఎక్కణ్నుంచి వచ్చిందంటే ఏం చెప్పను? ఉన్నదే చెప్పాను. “నీచే వాలీ ఆంటీ కే ఘర్ సే.”

కింద అంటే కింది పిన్ని ఇల్లని తెలిశాక ఆయన చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. టక్ మని మొదలైన చప్పుడు ఆగిపోయినప్పటి అంకె ఇంకొకటి ఉంటుందట. మొదటిది పైది, రెండోది కిందది. మెట్లెక్కి వచ్చిన మనిషికి ఎవరికైనా పెరుగుతుంది, కాసేపు మాట్లాడకుండా కూర్చోబెట్టి చూడాలట. వైద్యుడు చెప్పిందీ పైనే, నేను చూసిందీ పైనే. సామెతలో రోగి కోరిందీ వైద్యుడు చెప్పిందీ ఒకే పాలు; మా పాలు మాత్రం వేరు. నాన్నకు ఉప్పు తగ్గించమన్నాడు. క్రేను మాన్పించలేదు.

తిరిగి వస్తుంటే నాన్న సైకిలు తొక్కుతున్నారు. వెనక క్యారియరు మీద నేను బిగుసుకుని కూర్చున్నాను.

“అయితే, ఆ రెండంకెలూ నా ఒంట్లోనే ఉన్నాయన్నమాట.”

“అవును నాన్నా.”

“మరి నన్నెందుకే ఇల్లిల్లూ తిప్పావు?”

ఆ సైకిలు మీదే నేను గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ డాక్టరైనా ‘పైది’ అంటే, దేనికి పైదో అడిగి తెలుసుకోందే ఒక్క మెట్టు కూడా ఎక్కను, ఎవరినీ ఎక్కించను, నీ మీద ఒట్టు నాన్నా, అని.

“నా మీద వద్దే,” అన్నారు నాన్న. “బీపీ పెరిగిపోద్ది.”