గిటారుకు గూటాలు

నా చేతుల గొప్ప నేనే చెప్పుకోవాలి. చెప్పాల్సిన ఒక్క మనిషికీ నోటితో చెప్పడం చేతకాదు మరి. ఆ మనిషి మా బాపు.

రామన్నపేటలో మాది మగ్గం ఇల్లు. ముందరింట్లో నేల తవ్విన గుంట, దాని మీద మగ్గం. బాపు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, తాళ్లకు వేలాడే చెక్కలను తొక్కుతూ నేసేవాడు. నూలు తోడడం, కండెలు చుట్టడం, కొత్త పోగుల కొసలను పాత కొసలకు బూడిద అద్ది ఒక్కొక్కటే పురిపెట్టి అతకడం ఆడవాళ్ల పని. అమ్మ పోయాక అవన్నీ నా మీద పడ్డాయి. నేను అతికిన పోగు ఊడిందని బాపు ఏనాడూ అనలేదు. ఊడితే కదా అనడానికి! అయినా గుంటలోకి మాత్రం నన్ను దిగనిచ్చేవాడు కాదు.

"ఆడివిల్ల చేతికి కండె, మొగపిలగాని కాలికి గుంట. గంతే," అనేవాడు.

నాకు కావలసింది ఆ గుంటే. నా ఈడు పిల్లలు గాజులకూ గొలుసులకూ మారాం చేస్తుంటే నేను అడిగింది అదొక్కటే. బట్ట మొత్తం నా చేతుల్లోంచే పోయేది, ఆఖరి ముక్క దగ్గర మాత్రం నేను లేచి పక్కకు జరగాలి. వంటంతా చేసినదాన్ని వడ్డించే వేళకు బయటికి పొమ్మన్నట్టు ఉండేది. బాపు ఊళ్లో లేని పూట ఒకసారి దిగి కూర్చున్నాను కూడా. కాళ్లు చెక్కలకు అందలేదు, బొటనవేళ్లు తగిలాయంతే. బాపు మహా పొడగరి, ఆ తాళ్లు ఆయన కాళ్ల కొలతకు కట్టుకున్నవి. అన్న గడపలో నిలబడి చూసి, "మొగోళ్ల సైకిలెక్కినట్టున్నవే," అని ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ గుంట అన్నకు అక్కర్లేదు. అడగకుండానే వచ్చేదాన్ని వద్దనుకుని ఆలేరు స్టేషన్లో పార్సిళ్ల దగ్గర కొలువులో చేరాడు.

అరవైల మొదట్లో ఒక శ్రావణంలో అన్న అక్కడి నుంచి గిటారు మోసుకొచ్చాడు. బదిలీ మీద పోతున్న ఒక గార్డు తాను వాయించుకునే గిటారునూ, ఆరు కొత్త తీగలనూ ఇచ్చిపోయాడట. ఆయన దగ్గరే అన్న కాస్త వాయించడం నేర్చుకున్నాడు. బాపు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"గుమ్మడికాయకు మెడ మొలిసినట్టున్నది. గిదేం బాజా రా?"

మా వాళ్లకు జంధ్యాల పున్నమి పెద్ద పండుగ. ఆ రోజు మగ్గం ముట్టరు, సాయంత్రం మార్కండేయుని గుడిలో భజన. హార్మోనియం పక్కన గిటారు వాయిస్తానని అన్న అందరి ముందూ చెప్పేశాడు. పెద్దమనుషులు మీసాల చాటున నవ్వుకున్నారని బాపుకు తెలిసింది. "నలుగుర్ల నా ఇజ్జతి తియ్యకు బిడ్డా," అని ఒక్క మాట అన్నాడు. అప్పటి నుంచి ఆ గిటారు మోగడం అన్నకన్నా బాపుకే ఎక్కువ అవసరమైంది.

పండుగ నాటి మధ్యాహ్నం అన్న పాత తీగలు తీసేశాడు. తుప్పు పట్టి వేళ్లు కోస్తున్నాయి. కొత్త తీగ ప్రతిదాని కొసనా ఒక చిన్న ఇత్తడి పూస ఉంటుంది. గిటారు పొట్ట మీద అతికిన చెక్కకు ఆరు రంధ్రాలుంటాయి. పూసను రంధ్రంలోకి దించి, పైనుంచి సన్నని పిన్ను గుచ్చాలి. ఇదంతా ఎప్పుడూ గార్డే చేసేవాడు, అన్న ఎన్నడూ చెయ్యి పెట్టలేదు. మెడ కొసన తీగ చుట్టుకునే చెవి తిప్పి బిగించబోతే పిన్ను టప్పున ఎగిరి మంచం కింద పడింది. మళ్లీ గుచ్చాడు, మళ్లీ ఎగిరింది.

మంచం మీదున్న బాపు లేచాడు. "ఇటు తే. కట్టుడు, బిగిచ్చుడు నాకు నేర్పేటోడు ఇంక పుట్టలే."

నేతగాడికి వదులైనదాన్నల్లా బిగించడానికి రెండే మందులు, నూలు చుట్టడం, గంజి పెట్టడం. బాపు ఆ పిన్నులను గూటాలన్నాడు. ఒక్కో గూటానికీ నూలు చుట్టాడు, గంజిలో ముంచాడు, రంధ్రంలో పెట్టి చెక్క సుత్తితో దిగ్గొట్టాడు. ప్రతి దెబ్బా తన నెత్తినే పడుతున్నట్టు అన్న కళ్లు మూసుకున్నాడు. తర్వాత గిటారును వాకిట్లో ఎండకు ఆరబెట్టారు. మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు, "ఏం వడియాలు పెట్టిండ్రే?" అని అడిగి మరీ పోయారు.

ఆరాక అన్న మెల్లగా చెవులు తిప్పాడు. సన్న తీగలు నిలిచాయి. బాపు మీసం సవరించుకున్నాడు. లావు తీగ దగ్గరికి వచ్చేసరికి గూటం నూలుతో సహా లేచి బాపు ఎదురురొమ్ముకు తగిలింది. ఆ వెనకే ఇంకొకటి. నాకు నవ్వు ఆగలేదు కానీ అన్న ముఖం చూసి మింగేశాను.

"ఇంక కొట్టకు బాపు, చెక్క పలుగుతది," అన్నాడు అన్న. ఏడుపొక్కటే తక్కువ.

బాపు సుత్తి కింద పెట్టాడు. చేతి పనిలో ఆయన ఓడిపోవడం నేను చూడడం అదే మొదటిసారి. నాకది నచ్చలేదు.

"నేనొక్కపారి చూస్త," అన్నాను.

"నీకేమెర్క?"

"గిటారెర్క లేదు. పోగులెర్క."

తీగలన్నీ వదులు చేయించి, గిటారు పొట్ట మీది గుండ్రటి కంతలో చెయ్యి పెట్టాను. అన్న చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయేది, బాపు పిడికిలి సంగతి చెప్పక్కర్లేదు. నాదొక్కటే దూరింది. లోపల చీకటి, కానీ పోగులు అతికేటప్పుడు నేను కళ్లను ఎన్నడు నమ్ముకున్నాను గనుక! వేళ్లతో తడిమితే, ఇంకా ఊడని గూటం మొన తగిలింది. దాని కింద, సరిగ్గా మొనకే ఆనుకుని, ఇత్తడి పూస. తీగను లాగినకొద్దీ ఆ పూస గూటాన్ని కింది నుంచి పైకి నెడుతోంది. బాపు ఎంత దిగ్గొట్టినా అది బయటికే వస్తుంది.

గూటాలన్నీ తీసి నూలు విప్పాను. తడిబట్టతో గంజి తుడిచాను. పూస దగ్గర తీగను కొంచెం వంచి రంధ్రంలోకి దించాను. గూటానికి ఒక పక్క సన్నని గాడి ఉంటుంది, ఆ గాడి తీగ వైపుకు వచ్చేట్టు తిప్పి ఊరికే ఆనించాను. అప్పుడు ఒక చేత్తో తీగను పైకి లాగాను. పూస గూటం పక్క నుంచి జారి లోపలి చెక్కకు కింది వైపు టక్కున ఆనింది. పోగు అతుకు కుదిరినప్పుడు వేళ్లకు తెలిసినట్టే అదీ తెలిసింది. అప్పుడు గూటాన్ని బొటనవేలితో ఒత్తాను. సుత్తి లేదు, గంజి లేదు.

"తిప్పు," అన్నాను అన్నతో.

తిప్పాడు. బాపు ఎందుకైనా మంచిదని ఒకడుగు వెనక్కు వేశాడు. గూటం కదల్లేదు. తీగ ఖంగుమంది. మిగతావి కూడా ఒక్కొక్కటే కూర్చోబెట్టాను. ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి, పూస చెక్కకు ఆనిందో లేదో తడిమి చూశాకే తిప్పమన్నాను. ఆ కాసేపూ ఇంట్లో ఇద్దరు మగవాళ్లూ నా మాట మీదే కదిలారు. అబద్ధమెందుకు, నాకు బ్రహ్మాండంగా ఉండింది.

బాపు వంగి గూటాన్ని వేలితో తట్టాడు. "గట్టిగ కొట్టనే లేదు. మరి దీన్ని పట్టెదేంది?"

"గుంజుడే పట్టుకుంటది బాపు. బట్ట సుట్టే దుంగకు గాడి ఉంటది గద, అండ్ల పుల్ల వెడ్తవు. ఆ పుల్లకు మేకు గొడ్తవా? బట్ట గుంజినకొద్ది అది గట్టిగ కూసుంటది. గిదీ గంతే. పూస చెక్కకు ఆనాలె. గీ గూటం ఊకె తొవ్వకు అడ్డం నిలవడ్తది."

బాపు నా వైపు అదోలా చూశాడు. అన్నేళ్లుగా రోజూ తాను చేసే పని అది, దాన్ని ఇంకొకరి నోట వినడం ఆయనకు కొత్త. వెళ్లి తలకు రుమాలు చుట్టుకున్నాడు.

గుడిలో పెట్రోమాక్స్ వెలుతురులో అన్న వాయించాడు. ఎట్లా వాయించాడో నన్నడిగి లాభం లేదు. ఆడవాళ్ల మధ్య కూర్చుని నేను పాట విననేలేదు, గూటాలనే చూస్తూ ఉన్నాను. ఒక్కటీ లేవలేదు. భజన అయ్యాక, మీసాల చాటున నవ్విన పెద్దమనుషుల్లోనే ఒకాయన, "తీగెలు మంచిగ కట్టినవు పిలగా," అన్నాడు. అన్న నోరు తెరిచేలోపే బాపు, "వాడు గాదు, మా బిడ్డ," అన్నాడు. గుడి అంతా వినబడేట్టు అన్నాడు. ఆ రాత్రి నాకు ఆకలి కాలేదు.

మర్నాడు తెల్లవారి నేను కండెలు చుట్టడానికి కూర్చోబోతే బాపు మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు.

"ఆ కండెలు మీ అన్న సుట్టుకుంటడు తియ్యి, బండికింక యాళ్లున్నది. గుంజుడెర్కైనోళ్లను గుంటకు రావద్దంటె ఎట్ల? దిగు."

గుంట అంచున కూర్చున్నాను. కాళ్లు అందవని నాకు తెలుసు, అన్న చూసి మళ్లీ నవ్వుతాడనీ తెలుసు. అయినా దిగమన్నాక ఆగేదాన్ని కాదు. పళ్లు బిగించి కాళ్లు లోపలికి దించాను.

రెండు పాదాలూ, మడమలతో సహా, చెక్కల మీద ఆనాయి. వంగి చూస్తే తాళ్లకు కొత్త ముళ్లున్నాయి. బాపు వాటిని నా కాళ్ల కొలతకు పొట్టి చేసి కట్టాడు. ఇక ఆ మగ్గం మీద కూర్చుంటే ఆయన మోకాళ్లే పైకి లేస్తాయి.