జెర్వాజియో గారి పదమూడు

మిలాన్ నగరంలో జెర్వాజియోకి ఎవరన్నా, ఏదన్నా భయం లేదు, ఒక్క పదమూడంటే తప్ప. భోజనాల బల్ల చుట్టూ పదమూడుమంది కూర్చుంటే ఏడాది తిరిగేలోగా అందులో ఒకరు గుటుక్కుమంటారని ఊరంతా అనుకునేదే. ఊరు అనుకుని ఊరుకుంటుంది. ఆయన మాత్రం చెంచా పడేసి, టోపీ పెట్టుకుని, పద్నాలుగో మనిషి కోసం వీధిలోకి పరిగెత్తేవాడు.

ట్రాం నడిపే రోజుల్లో, చివరి స్టాపులో దిగడం మరిచి కూర్చున్న ముసలాయన్ని ఇంటికి తెచ్చాడు. తమ్ముడి కూతురి బాప్తిస్మం విందులో, జరిమానా రాయడానికొచ్చిన పోలీసునే కూర్చోబెట్టాడు. ఆ పోలీసు మూడు పళ్ళాల రిసోట్టో అన్నం లాగించి, రిటైరయ్యేదాకా ప్రతి ఆదివారం ఆ జరిమానా రాయడానికి వస్తూనే ఉన్నాడు. ఒకరి అంత్యక్రియల భోజనానికి శవం బండి డ్రైవరును పిలిస్తే, "నేనొస్తే జనం జడుసుకుంటారండీ" అని అతను మొహమాటపడ్డాడు.

"నువ్విప్పుడు రాకపోతే రేపు మళ్ళీ బండి తేవాల్సొస్తుంది, రా" అన్నాడు జెర్వాజియో.

బల్ల దగ్గర తలలు లెక్కపెట్టే అధికారం ఆయనదే. ఒకరు లెక్కపెట్టాక రెండోవాళ్ళు లెక్కపెడితే మరీ అరిష్టమని కూడా ఆయనే చెప్పాడు. ఇంట్లో ఎవరూ ఆ జోలికి పోలేదు.

ఆయన తమ్ముడు తుల్లియో అరవై మూడేళ్ళు ఆ ఊళ్ళోనే బతికాడు. ప్రపంచమంతా విమానాలెక్కి చూడ్డానికొచ్చే ఏసు కడరాత్రి భోజనం బొమ్మ ఇంటికి నాలుగు స్టాపుల దూరం. చూడలేదు. "గోడమీదిది, ఎక్కడికి పోతుంది?" అనేవాడు. భార్య ఇవానా పోరు పడలేక చివరికి నవంబరుకి నాలుగు టికెట్లు కొన్నాడు. గోడ ఎక్కడికీ పోలేదు. అక్టోబరులో తుల్లియోయే పోయాడు.

ఆ ఆదివారం ముగ్గురే బయల్దేరారు: ఇవానా, కూతురు ఓంబ్రెట్టా, జెర్వాజియో. ముసురు పట్టింది. ట్రాంలో ఇవానా కిటికీ కేసి చూస్తూ అంది.

"బావగారూ, ఇవాళ భోజనానికి బయటివాళ్ళని తేకండి. కిటికీ పక్క ఆయన కుర్చీ ఖాళీగా ఉండనివ్వండి. ఒక్కపూట."

"అలాగేనమ్మా."

"ఒట్టు?"

"ఒట్టే. పదమూడైతే మాత్రం నా చేతుల్లో..."

"పెదనాన్నా" అంది ఓంబ్రెట్టా. ఆయన నోరు మూసుకున్నాడు.

బొమ్మ ఉన్నచోట ఒక అద్దాల తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. లోపల ఉండనిచ్చేది పదిహేను నిమిషాలే. ఇవానా గోడ ముందు నిలబడింది. రంగులు సగం రాలిపోయి, ఆ ముఖాలు పొగమంచులోంచి చూస్తున్నట్టున్నాయి. ఆసుపత్రిలో ఆఖరి వారం తుల్లియో ముఖమూ ఇలాగే కొద్దికొద్దిగా చెరిగిపోయింది. ఇప్పుడు పక్కన ఉంటే ఏమనేవాడా అని చెవి ఒగ్గింది. వినిపించింది బావగారి గొంతు.

"...పదకొండు, పన్నెండు, పదమూడు. చూశావా? వీధిలోకెళ్ళి ఒక్క మనిషిని పిలుచుకోలేకపోయారు. అంతమంది శిష్యులున్నారు, ఒక్కడికీ లౌక్యం లేదు."

"మాట్లాడకూడదండీ" అన్నాడు కాపలాదారు.

"మీ భోజనం అయిందా?" అన్నాడు జెర్వాజియో.

ఓంబ్రెట్టా ఆయన కోటు పట్టుకుని లాగింది. లాగిన చేతిలో కోటు నిలిచిందే గానీ మనిషి నిలవలేదు. ఇవానా తిరిగి చూసేసరికి, ఓ మూల ఒంటరిగా నిలబడ్డ తడి బట్టల అమ్మాయి దగ్గర తేలాడు. పేరు బొనారియా. సార్డీనియా దీవినుంచి వచ్చి మూడు వారాలు. లాండ్రీలో పని. ఇదంతా రాబట్టడానికి ఆయనకి అర నిమిషం చాలింది.

"ఇవాళ మా ఇంట్లో పదమూడుమందిమమ్మా. నువ్వు రాకపోతే ఒకరు ఖాయం" అంటున్నాడు.

ఇవానాకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఒకరు పోయారుగా బావగారూ. చాలదా?"

ఆ అమ్మాయి తెల్లబోయి, "నాకు పనుందండీ" అని దూరం జరిగింది. టైమైందని కాపలాదారు అందర్నీ బయటికి పంపేశాడు. ఇవానా ఆ గోడని రెండు నిమిషాలైనా చూడలేదు.

బయట వానలో ఆయన్ని కడిగేసింది. ముప్ఫైనాలుగేళ్ళలో మొదటిసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"మీరు, మా తోడికోడలు, నేను, ఇది, మీ చెల్లెలు, ఆవిడ ముగ్గురు పిల్లలు. ఎనిమిది. పదమూడెక్కణ్ణించి వచ్చింది? ముప్ఫై ఏళ్ళు ట్రాం నడిపారు, ఎనిమిది దాకా లెక్క రాదా?"

జెర్వాజియో టోపీ తీసి నీళ్ళు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వొచ్చిన రోజు అయిదుగురమే" అన్నాడు.

ఇవానా మడిచిన వేళ్ళు మడిచినట్టే ఉండిపోయాయి. అప్పట్లో ఫ్రియూలీ కొండల్లోంచి టైపిస్టు ఉద్యోగానికొచ్చి, ఆదివారాలు గదిలో రొట్టె, ఉల్లిపాయ తిని ముసుగుతన్నే పిల్లని, "పదమూడుమందిమి, ప్రాణం మీదికొచ్చింది" అని ట్రాం డ్రైవరొకడు బతిమాలి లాక్కెళ్ళాడు. తుల్లియో పక్కన కూర్చోబెట్టారు. ఇక ఆమె చూపు అక్కణ్ణించి కదిల్తేగా, మిగిలినవాళ్ళని లెక్కపెట్టడానికి.

"అయిదుగురా? మరి మీ అమ్మ నన్ను పట్టుకుని, దేవుడే పంపాడని ఏడ్చిందే."

"అమ్మ నాకన్నా బాగా నటించేది."

ఇవానా గొడుగు కూతురి చేతిలో పెట్టింది. ట్రాం స్టాపులో నిలబడ్డ బొనారియా దగ్గరికి వానలోనే నడిచి వెళ్ళింది.

"అమ్మాయీ, నేనూ లెక్కపెట్టాను. పదమూడే."

"ఇందాక మీరు వద్దన్నట్టు..."

"ఇందాక లెక్క తెలీదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుందువు గాని. దాని కాలొకటి ఊగుతుంది, కంగారుపడకు. ఊగడమే గానీ పడెయ్యదు."