గిజీ అత్త చెవి

బొరోష్ గిజెల్లా, అందరికీ గిజీ అత్త, పదహారేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, నలభై దాటాక బుడాపెస్ట్‌లో ఒక గణిత సంస్థకు కంప్యూటర్ ఆపరేటరుగా వచ్చింది. చదివింది ఎనిమిదో తరగతి. అంతమంది గణిత పండితుల మధ్య ఆవిడ నెగ్గుకొచ్చింది కేవలం చెవితో.

గదంతా ఆక్రమించిన ఆ కంప్యూటరుకు చిన్న స్పీకరు ఒకటి తగిలించి ఉండేది. లోపల పని నడుస్తున్నంతసేపూ దాన్లోంచి మోత వచ్చేది. ప్రోగ్రాం ముందుకు సాగుతుంటే మోత మారుతుంది. ఎక్కడో చిక్కుకుని గానుగెద్దులా తిరుగుతుంటే ఒకటే మోత. గిజెల్లా స్వెట్టరు అల్లుకుంటూ వినేది. ఉన్నట్టుండి సూదులు ఆపి, "ఇది ఇక ఆగదు" అని లేచి మీట నొక్కేసేది. ప్రోగ్రాం రాసినవాడు తిట్టుకుంటూ, తన ప్రోగ్రాంని చిల్లులుగా పొడిచిన కాగితపు టేపు చుట్టను బుట్టలో పారేసి పోయేవాడు. ఆవిడ ఆ చుట్టల్ని ఏరి సంచిలో వేసుకునేది. వాళ్ళ వీధిలోని పసిపిల్లల బడికి డిసెంబరులో క్రిస్మస్ చెట్టుకి తోరణాలు కావాలి మరి.

ఆరేళ్ళలో అలా నాలుగువందల పన్నెండు ఆపింది. అన్నీ నోటుపుస్తకంలో తేదీ, సమయంతో సహా రాసుకుంది. ఒక్కసారైనా పొరపాటు పడిందన్న మాట రాలేదు. డైరెక్టరుగారు అతిథులకు యంత్రాన్ని చూపించి, ఆ తర్వాత ఆవిడ్ని చూపించేవారు. పెద్ద పెద్ద డాక్టరేట్లున్నవాళ్ళు ఆవిడ మొహం వంక బితుకుబితుకుమంటూ చూస్తుంటే ఆ సంస్థలోనే గుమాస్తాగా ఉన్న నాకైతే నవ్వొచ్చేది.

ఆవిడ వచ్చిన నాలుగో ఏడాది సలాయ్ మాగ్దోల్నా అనే పాతికేళ్ళ పిల్ల ఒక ప్రోగ్రాం తెచ్చింది. ఏదో ఒక వింత లక్షణం ఉన్న సంఖ్య కోసం వెతుకులాట. అలాంటిది దొరికితే యంత్రం ఆగుతుంది, లేకపోతే ఎప్పటికీ ఆగదు. దొరికితేనే ఆమె పరిశోధనకు అర్థం. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టారు. బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా అదే మోత.

"చిక్కుకుంది తల్లీ," అంది గిజెల్లా.

"ఇంకొక్క పూట ఉంచు అత్తా! ప్రతి సంఖ్యకీ అదే పని కదా, మోత అలాగే ఉంటుంది."

"నీ ముందు ఎంతమంది ఇదే మాట అన్నారో తెలుసా? వెళ్ళి వేడిగా చేపల పులుసు తాగి పడుకో. మొహం చూడు, పీక్కుపోయింది."

మాగ్దోల్నా, "నువ్వే అన్నాక ఇంకేం ఉంది," అంది. గిజెల్లా మీట నొక్కేసింది. మాగ్దోల్నా టేపును మాత్రం బుట్టలో వెయ్యలేదు, సొరుగులో పెట్టింది. ఆ నెలలోనే పరిశోధన మానేసి బాయా ఊళ్ళో ఆడపిల్లల బడికి టీచరుగా వెళ్ళిపోయింది.

రెండేళ్ళకు కొత్త యంత్రం వచ్చింది. పాతదాన్ని విప్పేసే ముందు వారం, మెకానిక్ లోరింత్స్ సొరుగులో దొరికిన టేపు ఎక్కించాడు. "పోయేముందు కాసేపు పాడుకోనీ అత్తా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. అదీ సోమవారం ఉదయం ఎనిమిదింటికే మొదలైంది. దానితో ఎవరికీ పని లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు.

బుధవారం మధ్యాహ్నం గిజెల్లా కొవ్వు రాసిన రొట్టె, ఉల్లిపాయ ముక్క నోట్లో పెట్టుకోబోతుండగా మోత ఆగిపోయింది. టకటకమని అచ్చు యంత్రం ఒక సంఖ్య కొట్టింది. ఆవిడ గడియారం చూసింది. పన్నెండూ నలభై.

టేపు మీద మాగ్దోల్నా పేరు చదివి, నోటుపుస్తకం తీసి ఆనాటి లెక్క చూసింది: బుధవారం, పన్నెండు గంటలు. నలభై నిమిషాలు! ఒక పిల్ల బతుకుని నలభై నిమిషాల తేడాతో బాయా పంపించేసింది.

బాయా బడికి ఫోన్ కలపమని ఎక్స్ఛేంజిలో పాత స్నేహితురాలిని బతిమాలింది.

"మాగ్దీ, అది ఆగింది. సంఖ్య వచ్చింది."

"ఎంతసేపటికి?"

చెప్పింది. మాగ్దోల్నా నవ్విందో ఏడ్చిందో లైన్లో తెలియలేదు.

"తప్పు నాదే అత్తా. ఏ ప్రోగ్రాం తెచ్చినా ఇది ఆగుతుంది, ఇది ఆగదు అని చెప్పగల పద్ధతి లేదు, ఉండబోదు. నేను పుట్టకముందే రుజువు చేశారు. అది నేనే క్లాసులో పాఠం చెప్పాను. అయినా నీ చెవిని నమ్మాను."

"కానీ ఆరేళ్ళలో నేను ఒక్కసారీ తప్పలేదు కదే!"

"నువ్వు ఆపేసినవాటిని మళ్ళీ ఎవరైనా నడిపి చూశారా?"

గిజెల్లా ఒళ్ళో నోటుపుస్తకం తెరిచే ఉంది. నాలుగువందల పన్నెండు. అందులో ఎన్ని ఇంకో గంటకు ఆగేవో, ఎన్ని ఇంకో రోజుకు ఆగేవో.

"వాటి టేపులున్నాయా అత్తా?" అని మాగ్దోల్నా మెల్లగా అడిగింది. "ఉంటే ఒక్కొక్కటే వేసి చూడొచ్చు."

"అన్నీ చింపి పసిపిల్లల చెట్టుకి తోరణాలు కట్టేశాను."

తర్వాత ఆవిడ తొమ్మిదేళ్ళు అదే గదిలో పనిచేసింది. ఇది ఆగుతుందా అత్తా అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"ఇప్పటిదాకా ఆగలేదు. అంతవరకే నాకు తెలుసు."